సీరియం ఆక్సైడులో పరలోహాలు – ఒక సులభ సూత్రంపై విమర్శ

పల్లెలలో విద్యుద్దీపాలు లేని రోజులలో పెండ్లి ఊరేగింపునకు గాని, హరికథకు గాని వెలుగు నిచ్చినది పెట్రోమాక్సు దీపం. జనం దానిని గ్యాసు లైటు అనేవారు. ఆ దీపంలో వేలాడే చిన్న గుడ్డ సంచిని, అనగా మాంటిలును, మొదటిసారి వెలిగించినప్పుడు నూలు కాలిపోయి తెల్లని బూడిద గూడు మిగులుతుంది. ఆ తరువాత వెలిగేది ఆ బూడిద గూడే. ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవుయర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891లో స్థిరపరచిన పాళ్ళ ప్రకారం ఆ బూడిదలో 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు. థోరియం ఆక్సైడు ఒక్కటే ఉంటే వెలుగు మందంగా ఉంటుంది. సీరియం ఆక్సైడును ఆ ఒక పాలుకు మించి పెంచుతూ పోయినా వెలుగు తగ్గిపోతుంది. కూరలో ఉప్పు వంటిదన్నమాట. లేకపోతే రుచి లేదు, ఎక్కువైతే నోట పెట్టలేము.

ఈ దీపంలో థోరియం ఆక్సైడు గృహస్థు, సీరియం ఆక్సైడు అతిథి. మనం ఇప్పుడు చూడబోయేది ఇందుకు తారుమారైన సంగతి. సీరియం ఆక్సైడే గృహస్థుగా ఉండి జిర్కోనియం, గడోలినియం, సమేరియం, కోబాల్టు వంటి పరలోహాలను తన స్ఫటికంలో చేర్చుకొన్నప్పుడు దాని నిర్మాణం ఎట్లు మారుతుంది? గుణాలు ఎట్లు మారుతాయి? మోటారు బండ్ల పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకాలలోను, ఇంధన ఘటాలలోను ఈ పదార్థాలకు ఎంతో పని ఉన్నది. అందువల్ల వీటిని గురించి పాఠాలలోను, ఉపన్యాసాలలోను, పరిశోధన పత్రాల తొలి పుటలలోను తరచుగా ప్రస్తావన వస్తున్నది. ఆ సందర్భాలలో ఈ ప్రశ్నకు సాధారణంగా దొరికే సమాధానం ఒకే ఒక వాక్యం: "సీరియం ఆక్సైడులో లోహాన్ని కలిపితే ఆమ్లజని ఖాళీలు పెరుగుతాయి, ఖాళీలు పెరిగితే గుణాలు మెరుగవుతాయి."

ఈ వాక్యం అబద్ధం కాదు. ప్రారంభ విద్యార్థికి ఇది చేతికర్ర వంటిది కూడాను. కాని ఇది సగం నిజం. సగం నిజాన్ని పూర్తి నిజంగా బోధిస్తే విద్యార్థి రసాయన శాస్త్రంలో ఒక తప్పు నేర్చుకోవడమే కాదు, రుజువు లేకుండా నమ్మే అలవాటు కూడ నేర్చుకొంటాడు. అందుచేత ఈ సులభ సూత్రాన్ని ఒకసారి గీటురాయి మీద పెట్టి చూడడం ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడ మేలు.

మాటను గురించి ఒక మాట

ముందు మాటల సంగతి తేల్చుకొందాము. డోపింగు అనే ఇంగ్లీషు మాటకు మన పాఠ్య పుస్తకాలు మాదీకరణం అని వాడుతున్నాయి. మత్తు అనే అర్థాన్ని పట్టుకొని చేసిన అనువాదం అని తోస్తుంది. చేర్చే పదార్థాన్ని మాలిన్యం అంటాము. స్ఫటికంలో ఏర్పడే ఖాళీని లోపం అంటాము. మత్తు, మాలిన్యం, లోపం – ఈ మూడు మాటలు వినిన పిల్లవానికి ఏదో చెడు జరుగుతున్నదని అనిపించక మానదు. వెంటనే మనం "దీనివల్ల గుణాలు మెరుగవుతాయి" అంటే అతడు తికమకపడతాడు. లోపం అంటే ఇక్కడ నింద కాదు. అచ్చమైన క్రమం నుండి తేడా అని మాత్రమే అర్థం. ఆ తేడా ఒక పనికి మేలు కావచ్చును, మరొక పనికి కీడు కావచ్చును. ఈ వ్యాసంలో మాదీకరణానికి పరలోహ ప్రవేశం అనే మాట వాడుతున్నాను. మంచి చెడ్డలను ముందే తీర్పు చెప్పని మాట అది.

గృహస్థుని ఇల్లు

సీరియం పరమాణు సంఖ్య 58. 1803లో స్వీడనులో బెర్జీలియస్, హిసింజర్ కలిసి ఒకవైపు, జర్మనీలో క్లాప్రోత్ మరొకవైపు ఈ మూలకపు ఆక్సైడును వేరువేరుగా కనుగొన్నారు. రెండేండ్ల ముందు, 1801లో, కనబడిన సీరిస్ అనే చిన్న గ్రహం పేరు దీనికి పెట్టారు. అరుదైన మృత్తికలు అనే వర్గంలో దీనిని చేర్చినా ఇది నిజానికి అరుదు కాదు. భూమి పొరలో దీని మోతాదు ఇంచుమించు రాగి మోతాదంత ఉన్నది. కేరళ తీరంలోను, మన భీమునిపట్నం వైపు ఇసుకలోను దొరికే మోనజైటు అనే ఖనిజంలో సీరియం, థోరియం రెండూ కలిసి ఉంటాయి. గ్యాసు లైటు మాంటిలులోని గృహస్థు, అతిథి ఒకే ఇసుక నుండి వచ్చినవారే.

సీరియం ఆక్సైడును వాడుకలో సీరియా అంటారు. ఇది లేత పసుపు రంగు పొడి. ఒక సీరియం పరమాణువుకు రెండు ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పరమాణువులు ఉంటాయి. దీని స్ఫటిక నిర్మాణాన్ని ఫ్లోరైటు నిర్మాణం అంటారు. దానిని ఊహించుకొనే సులభమైన పద్ధతి ఇది. ఆమ్లజని అయాన్లు మూలలలో ఉండేటట్లు చిన్న చిన్న పెట్టెలను పక్కపక్కన, ఒకదానిపై ఒకటి పేర్చుకొంటూ పోవలెను. ఒక పెట్టె విడిచి ఒక పెట్టె నడుమ ఒక్కొక్క సీరియం అయానును ఉంచవలెను. ఈ విధంగా ప్రతి సీరియం చుట్టూ ఎనిమిది ఆమ్లజనులు, ప్రతి ఆమ్లజని చుట్టూ నాలుగు సీరియములు ఉంటాయి. నాలుగు సీరియములు, ఎనిమిది ఆమ్లజనులు గల ఒక ఏకక ఘనం అంచు పొడవు సుమారు 5.41 ఆంగ్‌స్ట్రాములు. అనగా ఒక సెంటీమీటరులో ఇట్టి ఘనాలు కోటి ఎనభై లక్షలకు పైగా వరుసగా నిలుస్తాయి.

ఈ ఇంటికి రెండు విశేషాలు ఉన్నవి. మొదటిది, సగం పెట్టెలు సహజంగానే ఖాళీగా ఉన్నందున లోపల చోటు ఎక్కువ. రెండవది, సీరియం సామాన్యంగా నాలుగు ధనావేశాలతో ఉన్నా, అవసరమైతే ఒక ఎలక్ట్రానును పుచ్చుకొని మూడు ధనావేశాలకు దిగగలదు. ఆమ్లజని తక్కువగా ఉన్న వేడి వాతావరణంలో ఒక ఆమ్లజని పరమాణువు స్ఫటికాన్ని విడిచి పోతుంది. అది విడిచిన రెండు ఎలక్ట్రాన్లను రెండు సీరియం అయాన్లు పంచుకొంటాయి. ఆమ్లజని ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. లేత పసుపు పొడి నీలినలుపుకు తిరుగుతుంది. మళ్ళీ ఆమ్లజని అందగానే ఖాళీ నిండి పూర్వపు రంగు వస్తుంది. పరలోహం ఏదీ చేరకుండానే సీరియాలో ఖాళీలు ఏర్పడగలవని ఇక్కడే గుర్తుపెట్టుకోవలెను. మన సులభ సూత్రం మరచిపోయే మొదటి సంగతి ఇది.

మొదటి అభ్యంతరం: ఏ లోహం?

సూత్రం "లోహాన్ని కలిపితే" అంటున్నది. లోహాలన్నీ ఒకటి కావు గదా! ఒక చిన్న లెక్క చేసి చూద్దాము. వంద సీరియం అయాన్లు, రెండు వందల ఆమ్లజని అయాన్లు ఉన్నాయనుకొందాము. ధనావేశం 400, ఋణావేశం 400. సరిపోయినది. ఇప్పుడు 20 సీరియములను తీసి ఆ స్థానాలలో 20 గడోలినియం అయాన్లను ఉంచుదాము. గడోలినియానికి మూడే ధనావేశాలు. కాబట్టి మొత్తం ధనావేశం 80 నాలుగులు 320, 20 మూడులు 60, కలిసి 380. దీనిని సరిచేయడానికి 190 ఆమ్లజనులు చాలును. మిగిలిన పది స్థానాలు ఖాళీ. రెండు వందలలో పది, అనగా నూటికి ఐదు. కాల్షియమును ఉంచితే, దానికి రెండే ధనావేశాలు గనుక, 20 ఖాళీలు వస్తాయి.

అదే 20 జిర్కోనియం అయాన్లను ఉంచితే? జిర్కోనియానికి కూడ నాలుగు ధనావేశాలే. మొత్తం 400. ఆవేశాల లెక్క ప్రకారం ఒక్క ఖాళీ కూడ ఏర్పడ నక్కరలేదు. అయినా పరలోహాలు చేరిన సీరియాలన్నింటిలో లోకానికి ఎక్కువగా ఉపయోగపడుతున్నది జిర్కోనియం చేరిన సీరియాయే. సులభ సూత్రం ఇక్కడ నోరు మూసుకోవలసి వస్తున్నది.

పెట్రోలు బండ్ల పొగగొట్టంలో ఉంచే ఉత్ప్రేరకం మూడు పనులు చేయవలెను. కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా మార్చవలెను. కాలని ఇంధనాన్ని కాల్చవలెను. నత్రజని ఆక్సైడులను నత్రజనిగా విడగొట్టవలెను. మొదటి రెండింటికి ఆమ్లజని కావలెను, మూడవదానికి ఆమ్లజని ఎక్కువ ఉండరాదు. ఇంజను నుండి వచ్చే పొగలోనేమో ఆమ్లజని క్షణక్షణానికి హెచ్చుతగ్గు లవుతూ ఉంటుంది. సీరియా అక్కడ ధాన్యపు గాదె వలె పనిచేస్తుంది. ఆమ్లజని మిక్కిలిగా ఉన్నప్పుడు దాచుకొంటుంది, కరవైనప్పుడు విడుస్తుంది. అయితే శుద్ధమైన సీరియాకు రెండు బలహీనతలు ఉన్నాయి. ఇంజను వేడికి దాని సన్నని రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్ద కడతాయి. పైగా లోపలి ఆమ్లజని సులభంగా బయటికి రాదు. ఉదజనిలో వేడిచేస్తే పైపొర ఆమ్లజని 500 డిగ్రీల ప్రాంతంలో వస్తుంది గాని, లోపలిది రావడానికి ఇంచుమించు 800 డిగ్రీలు కావలెను.

1990ల నుండి సీరియా, జిర్కోనియా కలిసిన ఘన ద్రావణం శుద్ధ సీరియా స్థానాన్ని ఆక్రమించడానికి కారణం ఇదే. జిర్కోనియం అయాను చిన్నది. తన చుట్టూ ఎనిమిది ఆమ్లజనులను సమదూరంలో నిలుపుకొనడం దానికి ఇష్టం లేదు. కొన్నింటిని దగ్గరకు లాగుకొని, కొన్నింటిని వదులు చేస్తుంది. ఆ వదులైన ఆమ్లజనులు తక్కువ వేడికే కదలిపోతాయి. అంతేకాదు. ఆమ్లజని పోయినప్పుడు ఏర్పడే మూడు ఆవేశాల సీరియం, నాలుగు ఆవేశాల సీరియం కన్న పెద్దది. అది ఉబ్బడానికి కావలసిన చోటును చిన్న జిర్కోనియం సమకూర్చుతుంది. కనుక ఇక్కడ జరిగినది ఖాళీలను ముందే తవ్వి పెట్టడం కాదు, అవసరమైనప్పుడు ఖాళీ ఏర్పడడాన్ని సులభం చేయడం. ఈ రెండింటికీ ఉన్న భేదం చెప్పని పాఠం అసలు విషయాన్ని చెప్పనట్లే.

రెండవ అభ్యంతరం: ఎంత పెద్ద లోహం?

ఎనిమిది మంది పొరుగువారు ఉన్న స్థానంలో నాలుగు ఆవేశాల సీరియం అయాను వ్యాసార్ధం 0.97 ఆంగ్‌స్ట్రాము. జిర్కోనియం 0.84, యిట్రియం 1.02, గడోలినియం 1.05, సమేరియం 1.08, లాంథనం 1.16. పెద్ద అతిథి వస్తే ఇల్లు పెరుగుతుంది, చిన్న అతిథి వస్తే తగ్గుతుంది అని ఎవరైనా అనుకొంటారు. జిర్కోనియం వస్తే ఇల్లు తగ్గుతుంది, లాంథనం వస్తే పెరుగుతుంది. ఇంతవరకు సరియే. కాని యిట్రియం, సీరియం కన్న పెద్దదై ఉండి కూడ, స్ఫటికాన్ని కొద్దిగా కుదిస్తుంది. ఏలననగా దాని వెంట ఒక ఖాళీ కూడ వస్తున్నది. ఆమ్లజని పోయిన చోటు చుట్టూ స్ఫటికం కొంచెం ముడుచుకొంటుంది. ఆ ముడుపు, అతిథి పరిమాణం వల్ల వచ్చే పెరుగుదలను మించిపోతున్నది. మూడు ఆవేశాల అయాన్లకు ఈ రెండూ సరిసమానమయ్యే వ్యాసార్ధం సుమారు 1.04 ఆంగ్‌స్ట్రాము అని 1989లో లెక్కకట్టారు. గడోలినియం దానికి చాలా దగ్గర. అందుకే గడోలినియం చేరినా ఇల్లు ఎక్కువగా మారదు.

పరిమాణం ఖాళీల కదలికను కూడ నిర్ణయిస్తుంది. చిన్న అతిథి ఖాళీని తన పక్కనే ఉంచుకొనడానికి ఇష్టపడుతుంది. పెద్ద అతిథి ఖాళీని రెండవ వరుసలో ఉంచుకొంటుంది. రెండు చోట్లా సమానమైన ఆకర్షణ ఉంటేనే ఖాళీ ఎక్కడా చిక్కుకొనక సులభంగా తిరుగుతుంది. 2006లో స్వీడను శాస్త్రజ్ఞుల బృందం గణనలు చేసి, ఆదర్శమైన అతిథి పరమాణు సంఖ్య 61కి 62కి నడుమ ఉండవలెనని తేల్చింది. 61 ప్రొమీథియం, 62 సమేరియం. ప్రొమీథియం రేడియోధార్మికం, స్థిరమైన ఐసోటోపు దానికి ఒక్కటి కూడ లేదు. అందుచేత 60వ మూలకమైన నియోడిమియమును, 62వదైన సమేరియమును కలిపి చేర్చవచ్చునని వారు సూచించారు. ఇక్కడ ఖాళీల సంఖ్య ఒకటే. మారినది వాటి స్వేచ్ఛ. సులభ సూత్రంలో స్వేచ్ఛ అనే మాటకు చోటే లేదు.

మూడవ అభ్యంతరం: ఎంత మోతాదు?

ఖాళీలు ఎక్కువైతే వాహకత ఎక్కువ కావలెను గదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. సూత్రం ప్రకారం అవును. ప్రయోగం ప్రకారం కాదు.

ఘన పదార్థంలో ఆమ్లజని అయాన్లు నడవడం కొత్త సంగతి కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర నెర్న్‌స్ట్ తయారుచేసిన దీపంలో యిట్రియం చేరిన జిర్కోనియా కడ్డీ ఇట్లే విద్యుత్తును ప్రసరింపజేసేది. అందుకు కారణం ఆమ్లజని ఖాళీలేనని 1943లో కార్ల్ వాగ్నర్ వివరించాడు. గడోలినియం చేరిన సీరియా ఈ పనిలో ఇంకా గట్టిది. సెంటీమీటరుకు 0.01 సీమెన్సు వాహకత రావడానికి యిట్రియం చేరిన జిర్కోనియాకు 700 డిగ్రీల ప్రాంతం కావలసి ఉండగా, దీనికి 500, 600 డిగ్రీల నడుమనే ఆ వాహకత వస్తుంది. ఇంధన ఘటం వేడి తగ్గితే ఖరీదైన మిశ్రలోహాల బదులు సామాన్యమైన ఉక్కును వాడవచ్చును. అదే దీని ఆకర్షణ.

కాని గడోలినియం మోతాదును పెంచుతూ పోతే వాహకత 10 నుండి 20 శాతం వరకే పెరిగి, తరువాత తగ్గుతుంది. ఖాళీలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. మరి తగ్గడమేమి? నాలుగు ఆవేశాల స్థానంలో మూడు ఆవేశాలతో కూర్చున్న గడోలినియం, చుట్టుపక్కల వారికి ఒక ఋణావేశం వలె కనబడుతుంది. రెండు ఋణావేశాలను పోగొట్టుకొన్న ఖాళీ, రెండు ధనావేశాల వలె కనబడుతుంది. రెండూ ఒకదానినొకటి ఆకర్షిస్తాయి. గడోలినియం తక్కువగా ఉన్నప్పుడు ఖాళీకి విశాలమైన మేతబీడు ఉన్నది. ఎక్కువైనప్పుడు అడుగడుగునా ఒక గుంజ ఉన్నది. పలుపుతో గుంజకు కట్టిన ఆవు ఎంత దూరం మేయగలదు? ఆవులు వంద ఉన్నా మేసినవి కొన్నే. ఖాళీలు ఒకదానితో ఒకటి, అతిథులతోను కూడి గుంపులు కట్టడం కూడ తోడవుతుంది.

గ్యాసు లైటు మాంటిలులో ఒక పాలు, ఇక్కడ పది ఇరవై పాళ్ళు. కారణాలు వేరు, పదార్థాలు వేరు. కాని పాఠం ఒకటే: మోతాదు చెప్పని వాక్యం వైద్యుడు మోతాదు చెప్పని మందు వంటిది.

నాల్గవ అభ్యంతరం: గుణాలు "మెరుగవడం" అంటే ఏమి?

పొగగొట్టంలో సీరియం నాలుగు ఆవేశాల నుండి మూడుకు, మూడు నుండి నాలుగుకు మారుతూ ఉండడమే దాని గొప్పతనం. అదే గుణం ఇంధన ఘటంలో కీడు చేస్తుంది. ఘటంలో సీరియా పలక ఒకవైపు గాలిని, మరొకవైపు ఉదజని వంటి ఇంధనాన్ని తాకుతూ ఉంటుంది. పలక గుండా ఆమ్లజని అయాన్లు మాత్రమే పోవలెను. ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా తిరిగి వచ్చి దారిలో మన పని చేసిపెట్టవలెను. అయితే ఇంధనం వైపు ఆమ్లజని కరవు గనుక, వేడి 600 డిగ్రీలు దాటిన కొలదీ సీరియంలో కొంత మూడు ఆవేశాలకు దిగుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు పలక లోపల నుండే అడ్డదారి పడతాయి. కాలువకు గండి పడినట్లు ఘటం విద్యుత్పీడనం తగ్గిపోతుంది. పెద్దవైన మూడు ఆవేశాల సీరియములు ఒకవైపే ఏర్పడుటచేత పలక ఆ వైపు ఉబ్బి, పగిలే ప్రమాదం కూడ కలుగుతుంది.

అనగా ఒకే మార్పు ఒకచోట గుణం, మరొకచోట దోషం. "మెరుగు" అన్న మాటను ఏ పనికి, ఏ వేడి వద్ద, ఏ వాతావరణంలో అని చెప్పకుండా వాడరాదు.

ఐదవ అభ్యంతరం: సాక్ష్యం ఏది?

అన్నిటికన్న ముఖ్యమైన అభ్యంతరం ఇది. లోహాన్ని కలిపామన్నంత మాత్రాన అది స్ఫటికంలోకి పోయినదని ఎట్లు తెలుసును? చాలచోట్ల ఇచ్చే రుజువు ఇది: ఎక్సు కిరణాల చిత్రంలో సీరియా రేఖలు తప్ప ఇతర రేఖలు లేవు, కాబట్టి లోహమంతా లోపలికి పోయినది. ఈ వాదం చాలదు. చేర్చిన లోహపు ఆక్సైడు కొద్ది శాతమే ఉండి, మిక్కిలి సన్నని రేణువులుగా ఉపరితలం మీద ఉంటే ఎక్సు కిరణాల రేఖ వెడల్పై, నేపథ్యంలో కలిసిపోతుంది. చీకటిలో పిల్లి కనబడకపోతే పిల్లి లేదని కాదు.

కోబాల్టు సంగతి చూడండి. గడోలినియం చేరిన సీరియాకు కొద్దిగా కోబాల్టు ఆక్సైడు కలిపితే అది తక్కువ వేడికే గట్టిగా కుదిరి దట్టమైన పలక అవుతుంది. కోబాల్టు ఇక్కడ రేణువుల సరిహద్దులలో చేరి ఈ పని చేస్తున్నది. అతిథి గుమ్మం దగ్గరే నిలిచి మేలు చేశాడు. ఇంటిలోకి వచ్చి చేశాడని చెప్పడం సరికాదు. మరొక ఉదాహరణ. 2006లో ఒక బృందం కోబాల్టు చేర్చిన సీరియా పొరలలో ఇనుములో వలె అయస్కాంతత్వం గది వేడి వద్దనే కనబడినదని ప్రకటించింది. అదే సంవత్సరం బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రం నుండి వెలువడిన పత్రం, ఏ లోహమూ చేర్చని సీరియా సూక్ష్మ రేణువులు కూడ గది వేడి వద్ద అట్టి అయస్కాంతత్వాన్ని చూపుతాయని తెలిపింది. అటువంటప్పుడు ఈ గుణాన్ని ఎంతవరకు కోబాల్టు ఖాతాలో వేయవచ్చును? అతిథి రాక ముందు ఇల్లు ఎట్లున్నదో చూడకుండా, వచ్చిన తరువాత కనబడినదంతా అతిథి తెచ్చినదే అనడం న్యాయం కాదు. లోహం చేర్చిన నమూనాతో పాటు, అదే పద్ధతిలో, అదే రేణు పరిమాణంలో తయారైన శుద్ధ నమూనాను పోల్చి చూపని ప్రయోగం సగం ప్రయోగమే.

ఖాళీలను చూడడంలో కూడ పొరపాటుకు తావున్నది. 2005లో అతిసూక్ష్మ దర్శిని సహాయంతో సీరియా ఉపరితలం మీద ఆమ్లజని ఖాళీల చిత్రాలు ప్రకటితమై ఎంతో పేరు పొందాయి. 2014లో మరొక బృందం గణనలు చేసి, ఆ చిత్రాలలోని మచ్చలలో చాలవరకు ఖాళీలు కాక, ఆమ్లజని స్థానంలో చేరిన ఫ్లోరిన్ మాలిన్యం కావచ్చునని వాదించింది. ఖాళీ కుర్చీ అనుకొన్నదానిలో మరెవరో కూర్చుని ఉన్నారన్నమాట! శాస్త్రం పరువు ఇందువల్ల తగ్గలేదు. తన మాటను తానే తిరిగి పరీక్షించుకొనడమే శాస్త్రం బలం.

మరి మంచి సాక్ష్యం ఎట్లుంటుంది? ఒక్క సాక్షి కాక, వేరువేరు దిక్కుల నుండి వచ్చిన సాక్షులు ఒకే మాట చెప్పవలెను. రామన్ ఫలితం వారిలో ఒకటి. 1928లో బయటపడిన ఈ ఫలితంపై పనిచేసిన తొలితరం వారిలో మన సూరి భగవంతం గారు ఒకరు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఉండగా 1940లో దీనిపై ఆయన వెలువరించిన గ్రంథం ప్రసిద్ధమైనది. సీరియాపై కాంతిని ప్రసరింపజేస్తే సెంటీమీటరుకు 464 తరంగాల వద్ద ఒక బలమైన రేఖ వస్తుంది. సీరియం చుట్టూ ఉన్న ఆమ్లజనుల ఊపిరి వంటి కదలిక దానికి కారణం. ఖాళీలు పెరిగితే 550, 600 నడుమ మరొక వెడల్పైన పట్టీ కనబడుతుంది. ఇది మంచి సాక్షి. అయితే రేణువులు మిక్కిలి సన్ననైతే, పరలోహం లేకున్నా మొదటి రేఖ వెడల్పై జరుగుతుంది. కాబట్టి ఈ సాక్షిని కూడ ఎదురు ప్రశ్న వేసిన తరువాతనే నమ్మవలెను.

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం. ఎస్. హెగ్డే గారి బృందం చేసిన పని ఇక్కడ చెప్పదగినది. ఒకటి రెండు శాతం పల్లాడియం, ప్లాటినం లోహాలు సీరియా మీద లోహపు నలుసులుగా కాక, స్ఫటికంలో అయాన్లుగా చేరి ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయని వారు ప్రతిపాదించారు. ఇందుకు వారు ఎక్సు కిరణాల రేఖల మీద మాత్రమే ఆధారపడలేదు. అయాన్ల ఆవేశాన్ని తెలిపే ఎలక్ట్రాను వర్ణపటాన్ని, ఒక్కొక్క అయాను పక్కన ఏ పరమాణువు ఎంత దూరాన ఉన్నదో తెలిపే ఎక్సు కిరణ శోషణను కూడ తోడు తెచ్చుకొన్నారు. వారి ప్రతి నిర్ణయాన్ని ఒప్పుకొన్నా ఒప్పుకొనకపోయినా, వాదించవలసిన మార్గం ఇది.

తరగతిలో ఏమి చెప్పవలెను?

ఇంత జటిలమైన విషయాన్ని ఉన్నత పాఠశాలలో చెప్పడం సాధ్యమా అని ఉపాధ్యాయులు అడగవచ్చును. అన్నీ చెప్ప నక్కరలేదు. సులభ సూత్రాన్ని కొట్టివేయ నక్కరా లేదు. దాని వెంట నాలుగు ప్రశ్నలు చేర్చితే చాలును. చేరిన లోహానికి ఎన్ని ఆవేశాలు? దాని పరిమాణమెంత? దాని మోతాదెంత? అది నిజంగా లోపలికి పోయినదని, మార్పు దానివల్లనే వచ్చినదని సాక్ష్యమేమి? మొదటి ప్రశ్నకు పైన చేసిన వంద సీరియముల లెక్కను నల్లబల్ల మీద పది నిమిషాలలో చేయించవచ్చును. గడోలినియానికి, కాల్షియానికి, జిర్కోనియానికి వేరువేరుగా చేయిస్తే, మూడు లోహాలు మూడు సమాధానాలు ఇస్తాయని పిల్లలే కనుగొంటారు. ఉపాధ్యాయుడు చెప్పిన దాని కన్న తాము కనుగొన్నది వారికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

అప్పుడు ఆ వాక్యాన్ని ఇట్లు తిరిగి వ్రాసుకోవచ్చును: "సీరియం ఆక్సైడులో పరలోహం చేరితే, ఆ లోహపు ఆవేశాన్ని బట్టి ఖాళీలు ఏర్పడవచ్చును, దాని పరిమాణాన్ని బట్టి స్ఫటికం పెరగవచ్చును, తగ్గవచ్చును, దాని మోతాదును బట్టి ఖాళీలు తిరగవచ్చును, చిక్కుకోవచ్చును, ఇందువల్ల కలిగే మార్పు ఒక పనికి మేలు, మరొక పనికి కీడు కావచ్చును." ఇది మొదటి వాక్యం వలె నోటికి సులభంగా రాదు. పరీక్షలో వ్రాయడానికి కొంచెం పొడవు కూడాను. కాని ఇందులో ప్రతి "వచ్చును" ఒక ప్రయోగానికి పిలుపు. మొదటి వాక్యంలో అట్టి పిలుపు ఒక్కటి కూడ లేదు.

గ్యాసు లైటు మాంటిలుకు సరియైన పాళ్ళు దొరకడానికి వెల్స్‌బాఖ్‌కు కొన్నేండ్లు పట్టినది. 1885లో చేసిన ఆయన తొలి మాంటిలు వెలుగు ఆకుపచ్చగా ఉండి జనానికి నచ్చలేదు. ఆయన అక్కడ ఆగిపోయి "లోహపు ఆక్సైడును కలిపితే వెలుగు మెరుగవుతుంది" అని తృప్తిపడి ఉంటే, మన పెండ్లి ఊరేగింపులకు ఆ తెల్లని వెలుగు వచ్చేది కాదు. ఏది, ఎంత, ఎందుకు అని ఆయన అడిగాడు. సీరియా పాఠం చెప్పేటప్పుడు మనం పిల్లలకు అందించవలసినది కూడ ఆ మూడు ప్రశ్నలే.